వంతెన అవతల

షఫ్కత్ ఫోను పెట్టేసి లోపలి వాకిట్లోకి పరుగున వచ్చాడు.

"కేసు కొట్టేశారు. సీటు మనదే."

వంటింట్లోంచి ఆడవాళ్ళంతా బయటికొచ్చారు. అతని చెల్లెలు గుల్‌నాజ్, కొత్త వదిన మహ్రుఖ్ నోట్లో వేడి జిలేబీ ముక్క కుక్కింది. పెళ్ళి గోరింటాకు పూర్తిగా పోకముందే ఎన్నికలు ముంచుకొచ్చాయి. ఓట్లు లెక్కపెట్టాక కాలువ అవతలి భూస్వామి వడేరా మనుషులు కోర్టుకెక్కారు. అప్పటినుంచీ ఇల్లంతా ఆ ఫోను కోసమే కాచుకుని ఉంది.

బయట గాల్లోకి తుపాకులు పేలాయి. పండగ చేసుకుంటున్నారు. ఒక్కో చప్పుడుకీ మహ్రుఖ్ చేతి గాజులు గలగలమన్నాయి.

"చూడండమ్మా, సంతోషం పట్టలేక వణికిపోతోంది," అంది గుల్‌నాజ్.

మహ్రుఖ్ నవ్వింది. జిలేబీ ముక్కని మాత్రం చాటుగా దుపట్టా చెంగులోకి తీసేసింది.

పోయినసారి గెలిచింది మామగారు. అసెంబ్లీలో ప్రమాణానికని కరాచీ బయల్దేరి కాలువ వంతెన దాటలేదు. తూట్లు పడ్డ ఆ కారు ఇంకా పశువుల కొట్టం పక్కన గోనెపట్టా కింద ఉంది. మహ్రుఖ్ అటు చూడకుండా నడవడం నేర్చుకుంది.

ముందు సావడిలో షఫ్కత్ భుజాల మీద అజ్రక్ శాలువాలు పడుతూనే ఉన్నాయి. ఊళ్ళో ప్రతి గోడ మీదా అతని మీసాల బొమ్మే. మహ్రుఖ్ చెక్క జాలీ వెనక నిలబడి చూసింది. అతను జనం మధ్య నుంచే ఇటు తిరిగి కనుబొమ ఎగరేశాడు. అంత భయంలోనూ ఆమెకి సిగ్గు ముంచుకొచ్చింది.

మధ్యాహ్నం కరాచీ నుంచి తూటాలు ఆపే చొక్కా వచ్చింది. షఫ్కత్ తొడుక్కుని వాకిట్లో నాలుగడుగులు వేశాడు.

"తాబేలులా ఉన్నావు అన్నయ్యా," అంది గుల్‌నాజ్.

"తాబేళ్ళు నిండు నూరేళ్ళు బతుకుతాయే."

అత్త మాత్రం నవ్వలేదు. జపమాల ఒళ్ళో పెట్టుకుని చొక్కా వైపు కాసేపు చూసింది. "నీకే వదులుగా ఉందిరా. భుజాల దగ్గర బాగా తగ్గించాలి. దర్జీకి కబురు పెట్టు."

గదిలోకి రాగానే మహ్రుఖ్ తలుపు వేసింది.

"వెళ్ళకపోతే ఏమవుతుంది?"

"గెలిచి వెళ్ళకపోతే ఊరంతా మొహం మీదే నవ్వుతుంది."

"పోనీ, చుట్టు తిరిగి వెళ్ళే దారి లేదా?"

"ఉంది. కానీ భయపడ్డామని వాళ్ళకి తెలిసిపోతుంది. అమ్మ ఒప్పుకోదు."

"తెలిస్తే తెలియనివ్వండి. నిజంగానే భయపడుతున్నాను కదా."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతని చెయ్యీ చల్లగానే ఉంది.

"కీంఝర్ సరస్సులో పడవెక్కిస్తానన్నారు," అందామె.

"ప్రమాణం అయిపోనీ. తెల్లారే తీసుకెళ్తాను."

"అవకముందే ఏదైనా అయితే?"

షఫ్కత్ ఏదో హాస్యమాడబోయి మానేశాడు. ఆమె వేళ్ళని తన గుప్పిట్లో గట్టిగా బిగించి తల దించుకున్నాడు.

తలుపు తోసుకుని అత్త లోపలికొచ్చింది. కొడుకు వైపు చూడలేదు. కోడలి పక్కన మంచం మీద కూర్చుని, జారిపోయిన దుపట్టా ఆమె తల మీదికి లాగి సర్దింది.

"ఆ ఒడ్డు వాళ్ళు ఆడదాని మీద తుపాకీ ఎత్తరనే నమ్మకంతోనే కదా తల్లీ ఆ సీటుకి నీ పేరున నామినేషన్ వేయించాను, షఫ్కత్ ఇంటి దగ్గరే ఉంటాడు గానీ, రేపు చీకటితోనే లేచి వంతెన మీదుగా వెళ్ళి ప్రమాణం చేసి రా."