జట్టులో నాలుగో పేరు

ప్రాజెక్టు జట్టులో నలుగురుండాలని కోర్సు నిబంధన. ఉన్నది ముగ్గురే కాబట్టి సంయుక్త నాలుగో పేరు కల్పించి రాసేసింది, జాయ్స్ అని. టెస్టింగ్ పని ఆ పేరు మీద వేశారు, ఆఖర్న తామే చేసేసుకోవచ్చని.

గడువుకు ముందు రాత్రి, కొత్తగూడలో తానొక్కతే ఉండే ఫ్లాటులో, సంయుక్త ఆ టెస్టింగ్ ఫైలు తెరిచింది. పని ఎప్పుడో పూర్తయింది. తను రాసిన కోడులో మూడు తప్పులు కూడా పట్టి ఉన్నాయి.

జట్టులోని జశ్వంత్‌కి ఫోన్ చేసింది. "టెస్టింగ్ నువ్వు చేశావా?"

"నేనేడ చేసిన? కిరణ్ గూడ చెయ్యలే. నీ జాయ్స్ చేసిందేమో," అని నవ్వాడు.

తప్పులు నిజమే. దిద్దుతుండగా ఇంటర్‌కమ్ మోగింది. కింద వాచ్‌మన్.

"మేడం, మీ రూమ్మేటు తాళంచెవి మర్చిపోయిందంట. పైకి పంపాల్నా?"

"పేరేంటి?"

అవతల ఎవరో మెల్లగా ఏదో చెప్పారు.

"పేరు మీరే పెట్టిన్రంట గద, మేడం."