దిగని అంకె

"ముప్పై తొమ్మిదిన్నరా! గుడ్లు పొదిగిస్తున్నావా, ఉడకబెడుతున్నావా?"

హేచరీ యజమానురాలి కేకకు షెడ్డంతా మోగిపోయింది. పొదుగు యంత్రం తలుపు పక్కన కంట్రోలర్ డబ్బాలో కింద పచ్చగా ముప్పై ఏడు. అది ఉండాల్సిన వేడి. పైన ఎర్రగా ముప్పై తొమ్మిదిన్నర. అది ఉన్న వేడి. ఆ ఎక్కువైన రెండున్నర డిగ్రీలూ తిన్నగా ఆమె నెత్తికెక్కాయి. తెల్లారితే గుడ్లు పగిలి పిల్లలు బయటికి రావాలి. వేడి ఇలాగే ఉంటే అవి లోపలే చచ్చిపోతాయి. కిందటి దఫా పిల్లలన్నీ ఎందుకో తెలీకుండానే లోపలే పోయాయి. ఈసారీ పోతే షెడ్డుకు తాళం వెయ్యడమే.

యంత్రానికి ఆనుకుని నిలబడ్డ ఆపరేటర్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ, అదీ..."

"నోర్ముయ్! అంకె కదిలితే నీ ఉద్యోగం కదిలినట్టేనని చేరిన రోజే చెప్పానా లేదా? ఇన్నాళ్లూ నేనెప్పుడొచ్చి చూసినా గుండ్రాయిలా ముప్పై ఏడు మీదే కూర్చునుండేది. నీలాంటి పనివాడు లేడని నలుగురి దగ్గరా చెప్పుకుని మురిశాను. ఇవాళేం పుట్టింది నీకు?"

"ఒక్క మాట చెప్ప..."

"చెప్పడాలు తర్వాత! ముందు వేడి దించు!"

దించమంది గానీ అతన్ని దించనిచ్చిందీ లేదు. కోపమొస్తే ఆవిడకు నోరూ చేతులూ ఒక్కసారే లేస్తాయి. పచ్చ అంకెను ముప్పైకి లాగేసింది. పచ్చది దిగింది, ఎర్రది దిగలేదు. తలుపులు బార్లా తెరిచి, మూలనున్న ఫ్యాను ఈడ్చుకొచ్చి గుడ్ల మీదికి తిప్పింది. ఎర్ర అంకె మొండికేసింది. పైపెచ్చు ఇంకో రవ్వ ఎక్కింది కూడా. ఆపరేటర్ యంత్రం పక్కనే ముడుచుకుని గజగజ వణుకుతున్నాడు. చేసిన పనికి వణకాలి మరి, అనుకుందామె కసిగా.

ఆ కంట్రోలర్ బిగించింది ఆమె తమ్ముడే. ఫోన్ తీసి వాడి మీద పడింది.

"ఒరేయ్, నీ డబ్బా నా కొంప ముంచిందిరా! ఎంత దించినా వేడి దిగట్లేదు!"

"అక్కా, ముందు అరవడం ఆపు. ఔట్‌పుట్ లైటు వెలుగుతోందా?"

"లేదు."

"అయితే హీటర్‌కి కరెంటే వెళ్లట్లేదు."

"మరి ఈ వేడి ఎక్కణ్ణుంచి వస్తోందిరా, నీ నెత్తి మీంచా?"

"ఒక గుడ్డు తీసి కంటిరెప్పకి ఆనించి చూడు."

ఈ పనిలో తలపండినవాళ్లు వేడి చూసే పద్ధతి అది. ఆమె గబుక్కున ఒక గుడ్డు తీసి కళ్లు మూసుకుని రెప్పకు ఆనించుకుంది.

"చల్లగా ఉందిరా!"

"చూశావా! కంట్రోలర్‌కేమన్నా కళ్లున్నాయా? వేడి కొలిచే సెన్సర్ ఏది చెబితే అదే చూపిస్తుంది. ముందా సెన్సర్ ఎక్కడుందో చూడు."

ఫ్యాను కాలితో తన్ని ఆపి, ట్రేల మధ్యకు తొంగి చూసింది. సెన్సర్ వేలాడాల్సిన చోట ఏమీ లేదు. తలుపులు ధడాలున మూసింది. డబ్బాలోంచి బయల్దేరిన సన్నటి వైరును వేలితో పట్టుకుని వెతుక్కుంటూ పోయింది. అది ట్రేల దగ్గరికి వెళ్లడమే లేదు. యంత్రం పక్క బెజ్జంలోంచి బయటికొచ్చి, ఆపరేటర్ చొక్కా కిందికి దూరింది.

"చెయ్యెత్తు!"

అతను చెయ్యెత్తాడు. చంకలోంచి సెన్సర్ జారి గాల్లో వేలాడింది. అంతసేపూ మొండికేసిన ఎర్ర అంకె జరజరా దిగడం మొదలెట్టింది.

"ఎన్నాళ్లనుంచిరా ఈ నాటకం?"

"యంత్రమన్నాక అంకె కాస్త అటూ ఇటూ ఆడుతుందమ్మగారూ. ఆడితే ఉద్యోగం పోతుందన్నారు. అందుకే రోజూ మీ చెప్పుల చప్పుడు వినగానే లాగి చంకలో పెట్టుకుంటున్నా. నా ఒంటి వేడి సరిగ్గా ముప్పై ఏడు," అన్నాడతను, పళ్లు టకటకలాడుతుంటే. "ఇవాళే, నూట మూడు జ్వరం."