నడవ పక్క సీటు

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకి ఓరెస్ట్ హ్నాత్యుక్ ఇంటినుంచి రాసి తెచ్చిన అట్టని రెయిలింగుకి కట్టబోతే, నడవ పక్క సీటు మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

అట్ట మీద 'డెవిన్‌ని వదిలించుకోండి' అని ఉంది.

"ఆట అయ్యాక కట్టుకోండి," అన్నాడు ఆ మనిషి.

"ఏం? వాడు చదివి ఏడుస్తాడా?"

"చదువుతాడు."

కెనడాలోని థండర్ బే ఊరి ఐస్ హాకీ రింకులో, ఆ వరసలో నడవ సీటుని ఆనుకున్న రెండు సీట్లు ఓరెస్ట్‌వీ, అతని భార్య లెంపీవీ. ఎన్నో ఏళ్ల నుంచి వాళ్లవే. నడవ పక్కన ఈ మనిషి మాత్రం ఈ ఏడే వచ్చాడు. ఏ జట్టు చొక్కా వేసుకోడు. బీరు పోయిస్తే తాగడు. విరామంలో మెట్ల మీద నిలబడి కాళ్లు సాగదీస్తాడు.

డెవిన్ పెల్కీకి పంతొమ్మిదేళ్లు. ఊరి జట్టు లూన్స్ వాడి మీద చాలా ఆశ పెట్టుకుంది. నవంబరు నుంచి వాడు ఒక్క గోలు కొట్టలేదు. జట్లు ఆటగాళ్లని ఇచ్చిపుచ్చుకోవడానికి గడువు సోమవారం మూడింటితో సరి. ఇవాళ కూడా కొట్టకపోతే పంపించేస్తామని మేనేజరు పొద్దున్న రేడియోలో చెప్పాడు.

"పంపాల్సిందే," అన్నాడు ఓరెస్ట్. "వాణ్ణిచ్చి ముప్పై ఏళ్ల గట్టి డిఫెండర్ని తెచ్చుకుంటే కప్పు మనది. వీడికి పాలు పట్టుకుంటూ కూర్చుంటామా?"

"పోయినేడు నువ్వే కదా వాణ్ణి భుజానికెత్తుకున్నావు," అంది లెంపీ.

"పోయినేడు వాడు కొట్టాడు! ఇప్పుడేమో రాత్రుళ్లు తాగి తిరుగుతున్నాడట."

"లేదు. తొమ్మిదికల్లా పడుకుంటాడు," అన్నాడు నడవ పక్క మనిషి.

"నువ్వేమన్నా జోకొట్టావా?"

వెనక వరసలో నవ్వారు. ఆ మనిషి మంచు వైపు తిరిగాడు.

లెంపీ గులాబీ పూత పూసిన పర్షియన్ బన్ను అతని ముందు పెట్టింది. "ఆయన నోటికేం గానీ, ఇది తినవయ్యా."

"ఆట అయ్యాక తింటానండీ."

"అన్నీ ఆట అయ్యాకేనా నీకు?" అన్నాడు ఓరెస్ట్. "సరే, పందెం. వాడు ఒక్క గోలు కొడితే ఈ అట్టని నా చేతుల్తో నేనే చింపేస్తా. కొట్టకపోతే కడతా. నువ్వు నోరెత్తకూడదు."

"సరే."

మొదటి భాగంలో అతిథి జట్టు గోలీకి, అంటే గోలు కాసేవాడికి, నడుము పట్టేసింది. లోపలికి తీసుకెళ్లిపోయారు. చివరిదైన మూడో భాగంలో రెండో గోలీ మోకాలు పట్టుకుని పడిపోయాడు. అప్పటికి లూన్స్ ఒక గోలు వెనకబడి ఉంది.

నడవ పక్క మనిషి ఫోను మోగింది. "వస్తున్నా," అని లేచాడు.

"చూడలేక పారిపోతున్నావా?" అన్నాడు ఓరెస్ట్.

"నా కోటు కాస్త చూస్తూ ఉండండి."

కాసేపటికి మైకులో చెప్పారు. ఏ జట్టుకి గోలీలు అయిపోయినా నిలబడేందుకు ప్రేక్షకుల్లో ఒకణ్ణి సిద్ధంగా ఉంచడం లీగు నియమం. అతిథి జట్టు తరఫున ఇప్పుడు ఆర్వో సల్మి నిలబడతాడు. ఊళ్లో మంచు తోసే బండి డ్రైవరు.

గోలు వల ముందుకొచ్చిన గోలీ ఒక కాలు సాగదీశాడు. తరవాత రెండోది.

"ఓరెస్ట్! మనకి కోటు అప్పజెప్పినాయన!" అంది లెంపీ.

ఓరెస్ట్ తొడ చరిచాడు. "ఇంకేం! కుర్రాడి పక్షం వాడేగా. వాడికి ఒక్కటి వదలకపోతాడా!"

ఆర్వో మొదటి దెబ్బని ఛాతీతో ఆపాడు. రెండోది చేత్తో పట్టాడు. లూన్స్ అభిమానులు అతన్ని పేరు పెట్టి తిట్టడం మొదలుపెట్టారు.

చివరి నిమిషంలో పక్ అనే రబ్బరు బిళ్ల డెవిన్‌కి దొరికింది. ముందర ఎవరూ లేరు, ఆర్వో తప్ప.

ఓరెస్ట్ లేచి నిలబడ్డాడు. చింపడానికి అట్టని రెండు అంచులా పట్టుకున్నాడు.

"కొట్టరా అబ్బాయ్! కొట్టరా!"

డెవిన్ కొట్టాడు.

ఆర్వో ఎడమ కాలు చాచాడు. పక్ కాలికి తగిలి మూలకి పోయింది. ఆట ముగిసినట్టు హారన్ మోగింది.

డెవిన్ కర్ర మోకాళ్లకి అడ్డంగా పెట్టుకుని వంగిపోయాడు. ఆర్వో పక్కనుంచి వెళ్తూ తన కర్రతో వాడి పిక్క మీద ఒకసారి తట్టాడు.

ఓరెస్ట్ అట్టని రెయిలింగుకి కట్టాడు. రెండు ముళ్లు వేశాడు.

జనం పలచబడ్డాక ఆర్వో కోటు కోసం వచ్చాడు. జుట్టు తడిగా ఉంది. అట్ట వైపు చూసి, కోటు అందుకుని తొడుక్కున్నాడు.

"ఇంతసేపూ వాడి తరఫున మాట్లాడి, చివరికి నువ్వే వాడి గొంతు కోశావు కదయ్యా," అన్నాడు ఓరెస్ట్. "ఒక్కటి వదిలితే నీ సొమ్మేం పోయింది?"

"వదిలితే వాడికి తెలిసిపోతుంది."

"ఎలా తెలుస్తుంది?"

ఆర్వో కోటు జిప్పు పైకి లాగాడు. లెంపీ దాచి ఉంచిన బన్ను అందించింది.

"ఇంకోటి ఉందా అండీ? ఇంటికి తీసుకెళ్తాను."

"ఇంకా ఇంటికి కూడానా!" అన్నాడు ఓరెస్ట్. లెంపీ రెండోది కాగితంలో చుట్టి ఇచ్చింది.

సోమవారం మూడు కొట్టకముందే డెవిన్‌ని మానిటోబా జట్టుకి ఇచ్చేశారు. అభిమానుల మాట కూడా విన్నామని, రెయిలింగు మీద అట్ట అందరూ చూశారని మేనేజరు రేడియోలో అన్నాడు.

"అది నీ అట్టే కదా?" అంది లెంపీ.

నాలుగింటికి ఓరెస్ట్ దాన్ని విప్పుకు రావడానికి రింకుకి వెళ్లాడు. ముందు తలుపులు వేసి ఉన్నాయి. చుట్టూ తిరిగి వెనక గుమ్మానికి వెళ్లాడు.

గుమ్మం ముందు ఒక ట్రక్కు ఆగి ఉంది. డెవిన్ తన సంచీ, కర్రలు వెనక వేస్తున్నాడు. స్టీరింగు దగ్గర ఆర్వో ఉన్నాడు.

డెవిన్ ఎక్కి కూర్చుని, జేబులోంచి తాళంచెవి తీసి ముందుకు చాచాడు.

"మీ ఇంటిది. సెప్టెంబరులో మీ ఇంట్లో దిగినప్పటి నుంచి నా దగ్గరే ఉంది."

ఆర్వో తీసుకోలేదు. బండి కదిలించాడు.