పచ్చలైటు

"ఇంకెంతసేపు, డాక్టరూ?"

సూపర్‌వైజరు ఇలా ఎన్నోసారి అడిగాడో ఎలక్ట్రీషియన్ లెక్కపెట్టడం మానేశాడు. పంప్‌హౌస్ బల్ల మీద గ్యాస్ మీటరు వెల్లకిలా పడి ఉంది. అరచేతిలో ఇమిడే పసుప్పచ్చ పెట్టె అది. వెనక మూత తీస్తే బ్యాటరీలు ఉబ్బి, స్ప్రింగుల మీద తెల్లగా, ఆకుపచ్చగా తుప్పు గడ్డకట్టి కనిపించింది. బ్రష్షుతో గీకుతుంటే పొట్టులా రాలుతోంది.

బయట మురుగునీటి బావి గట్టు మీద ఎలక్ట్రీషియన్ అల్లుడు నడుముకు తాడు కట్టుకుని కూర్చున్నాడు. బావి అడుగున జాలీకి గుడ్డపేలికలు చుట్టుకుని పంపు ఆగిపోయింది. ఎవరో ఒకరు దిగి వాటిని లాగెయ్యాలి. పనిలో చేరి నెల కూడా నిండని అల్లుడు, నేనున్నానంటూ ముందుకొచ్చాడు. వద్దని చెప్పి చూశాడు ఎలక్ట్రీషియన్. మీరు ఊరికే కంగారు పడతారు మామయ్యా అని అతను నవ్వేశాడు. పోనీ అతను మానుకున్నా దిగడానికి ఇంకొకడు ఉంటాడు, వాడికీ ఒక ఇల్లు ఉంటుంది. కూతురి మొహం గుర్తొచ్చి ఆయన తల వంచి మళ్లీ బ్రష్షు అందుకున్నాడు.

దిగేముందు మీటరును బావిలోకి వదిలి పైకి లాగాలి. విషవాయువు ఉంటే ఎర్రలైటు, లేకపోతే పచ్చలైటు. ఆ పచ్చలైటు ఫోటో పెద్దాఫీసుకు పంపాకే మనిషి దిగాలి. ఫోటో లేకుండా దింపితే సూపర్‌వైజరు ఉద్యోగానికే ఎసరు. ఉన్నదేమో ఒక్క మీటరు.

"పోయిన నెల శుభ్రంగా పనిచేసింది కదయ్యా ఇది?" అన్నాడు సూపర్‌వైజరు.

పనిచేసింది. పచ్చలైటే వెలిగింది. అయినా దిగినవాడు స్పృహ తప్పితే తాడుతో పైకి లాగి ఆసుపత్రికి మోసుకెళ్లారు. ఖాళీ కడుపుతో దిగాడు, కళ్లు తిరిగాయి అని తేల్చేశాడు సూపర్‌వైజరు. మీటరును ఒకసారి కంపెనీకి పంపి చూపిద్దామని ఎలక్ట్రీషియన్ రెండు మూడుసార్లు అడిగాడు. లైటు నిక్షేపంలా వెలుగుతుంటే కంపెనీకెందుకని సూపర్‌వైజరు ఆ మాట కొట్టిపారేశాడు. ఆ పడినవాడు బతికి బయటపడ్డాడు కాబట్టి అందరూ ఆ సంగతి మరిచిపోయారు.

మోచెయ్యి తగులుతుందేమోనని బల్ల చివరనున్న గాజుగ్లాసును పక్కకు జరిపాడు ఎలక్ట్రీషియన్. అందులో ఉప్పునీళ్లు. గొంతు నొప్పి, పుక్కిలించాలంటూ కొన్నాళ్లుగా టీకొట్టులో ఉప్పు అడిగి తెచ్చుకుని కలిపి పెట్టుకుంటున్నాడు. పాటకచేరీ ఎప్పుడు డాక్టరూ అని సూపర్‌వైజరు రోజూ వెక్కిరిస్తూనే ఉన్నాడు.

అల్లుడు తాడుతో సహా లేచి వచ్చి బల్ల మీదికి వంగాడు.

"సముద్రం ఒడ్డున కిటికీ ఊచల్ని తిన్నట్టు తినేసిందేంటి మామయ్యా ఇది?"

"పంప్‌హౌసులో చెమ్మ బాబూ. నువ్వెళ్లి కూర్చో" అన్నాడు ఎలక్ట్రీషియన్ తలెత్తకుండా.

దూదిని వెనిగర్‌లో ముంచి తుప్పు మీద అద్దాడు. బుసబుసమని నురగ లేచింది. తుడిచి, గరుకుకాగితంతో రుద్ది, కొత్త బ్యాటరీలు వేశాడు. సూపర్‌వైజరు ఫోను పట్టుకుని మెడ మీదికి వచ్చేశాడు. ఎలక్ట్రీషియన్ ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు.

పచ్చలైటు మిణుక్కుమంది. ఆయన గుండె గుభేలుమంది. అంతలోనే లైటు ఆరిపోయింది.

"వచ్చిందిగా. మళ్లీ నొక్కు."

మళ్లీ నొక్కాడు. రాలేదు. లోపల వేలు పెట్టి చూస్తే, పుచ్చిపోయిన స్ప్రింగు విరిగి చేతికొచ్చింది. పాత టార్చిలైటు స్ప్రింగు పీకి, దాన్ని అతికించడానికి టంకం కడ్డీ వేడిచేశాడు. చెమట కళ్లలోకి కారుతోంది. ఎంత చిన్న తీగనైనా చూడకుండా అతికించే మనిషి ఆయన. ఈ పంప్‌హౌసులో ఆయన చేతికొచ్చి బాగుపడని వస్తువు లేదు. డాక్టరన్న పేరు అలా వచ్చిందే.

కడ్డీ మొన కాస్త ఎక్కువసేపు ఆనింది. సన్నగా పొగ లేచి, మీటరు లోపలి సర్క్యూటు పలక మీది రాగిగీత పొరలా ఊడొచ్చింది.

సూపర్‌వైజరు ఫోను దించేశాడు.

"ఇంక నా చేతుల్లో లేదు సార్" అన్నాడు ఎలక్ట్రీషియన్ మెల్లగా. "కంపెనీకి పంపాల్సిందే. లోపలి సామానంతా వాళ్లే మార్చాలి."

సూపర్‌వైజరు మొహం జేవురించింది.

"డాక్టరట, డాక్టరు. కాంపౌండరుకైనా పనికిరావు నువ్వు. రేపు పెద్దాఫీసుకొచ్చి సంజాయిషీ ఇచ్చుకో."

ఆ మాట ఆయనకు తలకొట్టేసినట్టే అయింది. గుమ్మం దగ్గర పనివాళ్ల జట్టంతా వింటోంది మరి. సూపర్‌వైజరు తిట్టుకుంటూనే మురుగు లాగే లారీకి ఫోను చేశాడు. ఖర్చయినా సరే గొట్టంతోనే లాగించండి, వెళ్లేటప్పుడు ఈ పాడు మీటరును కంపెనీవాళ్ల దగ్గర పడేయండి అన్నాడు. మూత కూడా బిగించకుండా మీటరును సంచిలోకి విసిరి వెళ్లిపోయాడు.

అల్లుడు నడుము తాడు విప్పి, చుట్ట చుట్టి గోడ మేకుకు తగిలించాడు. తన మొదటి అవకాశం చేజారినందుకు దిగులుగానే ఉంది. కానీ మామగారు పదిమందిలో మాటలు పడటం చూసి ఆ దిగులు జాలిగా మారింది. బల్ల మీది గ్లాసు తీసి ఆయన చేతికిచ్చాడు.

"పోనీలెండి మామయ్యా. పొద్దుట్నుంచీ దీన్ని ముట్టనేలేదు మీరు. గొంతు ఎలా ఉంది?"

ఎలక్ట్రీషియన్ గ్లాసు అందుకుని, గోడకున్న మేకుకు వేలాడుతున్న తాడునూ, అల్లుడి మొహాన్నీ కాసేపు చూశాడు. మిగిలిన ఉప్పునీళ్లను, ఇంక వాటితో పనిలేదన్నట్టు, గుమ్మం బయట పారబోశాడు.

"ఫర్లేదు బాబూ" అన్నాడు.

అసలు ఆయనకు గొంతు నొప్పి రానేలేదు.