గాలి దూరని కోటు

పెరట్లో బండ మీద రామచంద్ర స్వెటర్ ఉతుకుతున్నాడు. రాత్రి కావలికి పోయొచ్చిన స్వెటర్ అది. పిండితే నీళ్ల కంటే ముందు చెమటే కారేట్టుంది.

చిక్కుడుకాయలు ఒలుస్తున్న మునీశ్వరి తలెత్తకుండానే ఒక మాట అంది.

"మంచి కోటు రాకుంటే రేపటికి కావలి లేదు మామా. సెప్తాండా."

పెళ్లాం మాటంటే రామచంద్రకు పంచాయతీ తీర్మానంతో సమానం. పైగా ఈ మాటలో న్యాయం కూడా ఉంది.

రామకుప్పం అవతల ఉన్న వాళ్ల ఊరికి అడవి కూతవేటు దూరం. రాగి కంకులు గింజ పట్టాయి. పక్క చేనును ఏనుగులు అప్పుడే తొక్కి పోయాయి. ఇంకొక్క వారం కాచుకుంటే ఏడాది సంగటి ఇంట్లో పడుతుంది. ఒక్క రాత్రి మంచె ఖాళీ అయిందా, ఆ సంగటి ఏనుగులదే.

మంచె మీద కూర్చుంటే గాలి ఎముకల్లో దూరుతుంది. అలికిడైతే చాలు, దిగి డబ్బా వాయిస్తూ చేను చుట్టూ పరుగెత్తాలి. స్వెటర్ చెమటకు తడిసి ముద్దవుతుంది. మళ్లీ మంచె ఎక్కితే ఆ తడి మీద మళ్లీ అదే గాలి. కంబళి కప్పుకుంటే కాళ్లకు అడ్డం. వానకోటు తొడిగితే లోపల ఇడ్లీ పాత్ర.

మర్నాడు కోడి కూయకముందే రామచంద్ర టమోటా లారీ ఎక్కి మదనపల్లె మార్కెట్టుకు పోయాడు. సరుకు దించాక నేరుగా పోయి, కొండలెక్కేవాళ్లకు బట్టలమ్మే అంగట్లో దూరాడు.

అంగట్లో ఉండే నీలిమ అనే అమ్మాయి మొదట ఒక బొద్దు కోటు చూపించింది. రామచంద్ర అది తొడుక్కుని, అంగట్లోనే ఆ మూల నుంచి ఈ మూలకు పరుగెత్తాడు. నాలుగు తిరుగుళ్లకే నుదురు తడిసింది. విప్పేశాడు. రెండోది గాలిని బాగా ఆపుతుందట గానీ, చెయ్యి ఊపితే ఎండుటాకుల మీద నడిచినట్టు గరగరలాడింది. ఈ చప్పుడుకు రాని ఏనుగులు కూడా వస్తాయని దాన్నీ పక్కన పెట్టించాడు.

మూడోది పల్చగా ఉంది. గుడ్డకు నోరు ఆనించి బలంగా ఊదాడు. అవతల పెట్టుకున్న అరచేతికి గాలి తగల్లేదు.

"ముందరపక్క గాలిని ఆపే గుడ్డన్నా. వీపుకాడ, సంకల కింద ఆవిరి పొయ్యే అల్లిక. కూసుంటే వెచ్చగుంటాది, ఉరికితే ఉడకదు," అంది నీలిమ.

కోటు నచ్చింది. పేచీలు మాత్రం తెగలేదు. ముంజేతి దగ్గర పట్టీ వదులుగా ఉండాలన్నాడు. జేబులో వక్కాకు సంచి పట్టాలన్నాడు. టోపీలో తల పట్టాక వెనకాల ఇంకా పిడికెడు చోటు మిగలాలన్నాడు. నీలిమ అతని తలను చూసింది, టోపీని చూసింది, ఇంకో సైజు తీసింది.

కోటు మడత పెడుతూ, ఏనుగు ఎదురైతే భయం కాదా అని అడిగింది.

"భయపడితే సేను ఎవురు కాసేదమ్మా? మొన్న ఒంటి ఏనుగు. ఈడ్నించి ఆ గాజు తలుపంత దూరం. సెవులు నిగిడించి నిలబడింది. డబ్బా కూడా వాయించలా. కండ్లలోకి టార్చి ఏసి, 'పోప్పా సామీ, ఇది మా నోటికాడ కూడు' అంటే తల తిప్పుకొని పాయె."

బేరానికొచ్చినవాళ్లు బేరం మరిచి చుట్టూ చేరారు. అంగడి యజమాని టీ తెప్పించాడు. రామచంద్ర టీనీ వద్దనలేదు, మెచ్చుకోళ్లనూ వద్దనలేదు.

తిరుగు లారీలో అతను ముందు కూర్చోలేదు. కోటు తొడుక్కుని, వెనక ఖాళీ టమోటా డబ్బాల మధ్య ఎదురుగాలికి ఛాతీ ఆనించి నిలబడ్డాడు. పుంగనూరు వచ్చేసరికి చెవులు మొద్దుబారాయి గానీ ఛాతీ వెచ్చగానే ఉంది. డ్రైవర్ శ్రీనివాసులు కాఫీకి ఆపితే, రామచంద్ర దిగి బస్టాండు చుట్టూ పరుగందుకున్నాడు. బస్సు తప్పిపోయిందేమోనని ఒక ముసలాయన జాలిపడ్డాడు. మూడో చుట్టులో రామచంద్ర ఆగి, చంకలో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. పొడిగా ఉంది.

కాఫీ దగ్గర ఒంటి ఏనుగు సంగతి విన్నప్పటి నుంచి శ్రీనివాసులు అతన్ని చూసే తీరే మారిపోయింది. కుప్పంలో దించేటప్పుడు తనే ముందు దిగి లారీ వెనక తలుపు తీశాడు.

"ఏనుగుకు ఎదురు నిలబడే గుండె ఉండే ఇంట్లో పుట్టాలప్పా," అన్నాడు.

రామచంద్ర వినయంగా తల వంచుకున్నాడు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. మునీశ్వరి కోటును వెలుగుకెత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. సంగటి కెలికి వడ్డించింది. ఇద్దరూ తిన్నారు. అంతలో అడవి అంచు చేలల్లో ఎవరిదో డబ్బా మోగింది. ఏనుగులు తొందరగానే బయల్దేరాయి.

రామచంద్ర లేచాడు. టార్చి వెలుగుతోందో లేదో చూశాడు. కోటు జిప్పును మెడదాకా లాగాడు. టోపీ సర్దాడు. ఇంటి దేవుడి పటం ముందున్న విభూతి వేలికి అద్దుకుని నుదుటి మీద పెట్టాడు.

తర్వాత గడియ వేసుకోవడానికి అతను తలుపు పట్టుకుని నిలబడగా, కోటు తొడుక్కున్న మునీశ్వరి అతని చేతిలో టార్చి అందుకుని గడప దాటి మంచె వైపు నడిచింది.