నిన్నటి జనం

ఎమ్మిగనూరు బస్టాండులో టీ తాగుతుంటే మాదన్న చెవిన పడిందా మాట. ఆదోని ఎగ్జిబిషన్లో ఒక బట్టల కొట్టువాళ్లు టీవీ పెట్టారట. నిన్న వచ్చిన జనాన్ని వీడియో తీసి, ఈరోజు పొద్దున్నుంచి ఆ జనానికే చూపిస్తున్నారట.

మాదన్న సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. నిన్న ఆ కొట్టు ముందే, ఆ గుంపులోనే, అతను ఒక ముసలామె మెడలోంచి గొలుసు లాగాడు. కొట్టులోంచి ఎవరో పెద్ద లైటు వేస్తే అలంకారానికనుకున్నాడు. ఆ వెలుతురు తనకు కలిసొచ్చిందని సంతోషపడ్డాడు కూడా! ఈరోజు అమావాస్య. కంసాలి కొలిమి వెలిగించలేదు. గొలుసు ఇంకా మొలలోనే ఉంది.

తన చెయ్యి అందులో కనపడితే ఆ క్యాసెట్ మాయం చెయ్యాల్సిందే. ఆదోని బస్సెక్కాడు.

కొట్టు ముందు కాలు పెట్టను సందు లేదు. టీవీ నడిపే ప్రభుదాసు దగ్గర ఉన్నది ఒకటే క్యాసెట్. అయిపోగానే వెనక్కి తిప్పి మళ్లీ వేస్తున్నాడు. తిప్పేటప్పుడు తెర మీద మనుషులంతా వెనక్కి వెనక్కి నడుస్తుంటే చూసేవాళ్లు పగలబడి నవ్వుతున్నారు. బొమ్మ మొదలైతే ఒకటే కేకలు.

“అదో, నేను!”

“ఒరే, నా రుమాలు సూడ్రా, ఎట్లుందో!”

“మా అత్త నోరు సూడు, ఈగ పోతాది!”

అందరికంటే ముందు ఒక ముసలామె నేల మీద చతికిలబడి ఉంది. మాదన్న చూడగానే గుర్తుపట్టాడు. ఆమే. మెడ బోసిగా ఉంది.

ఇంతలో తెర మీద కూడా ఆమె వచ్చింది. వెనకాల కొన్ని మొహాలు, వాటిలో తనది. మొహాలే తప్ప ఎవరి చేతులూ కనపడలేదు, జనం అడ్డం. మాదన్న ఊపిరి పీల్చుకున్నాడు. అయినా ఈమెకేమైనా అనుమానముందా? తెలుసుకోకుండా పోతే నిద్ర పట్టదు. వెళ్లి పక్కనే కూచున్నాడు.

“ఏమవ్వా, సూసిందే సూస్తాండావు?”

“మా సెల్లెల్ని సూసుకుంటాండానప్పా. నా పక్కన పచ్చ రైక తొడుక్కునిందే, అదే సిద్దమ్మ. బోసి మెడతో ఏం బాగుంటావక్కా అని నిన్న తన గొలుసు తీసి నాకేసింది. ఎవుడో కొట్టేసినాడు. పొద్దన్నే దేవనకొండ బస్సెక్కిపాయ. నాతో ఒక్క మాట మాట్లాడలే. నేనే దాచుకున్నాననుకుంటాందేమో. గొలుసు దొరక్కుంటే అది మల్లా నా గడప తొక్కదు.”

“పోలీసులకు సెప్పలేదా?”

“సెప్పినా. దొంగను సూసినావా అంటారు. నా ఈపులో కండ్లుంటాయా?”

మాదన్నకు ప్రాణం లేచొచ్చింది. నవ్వు ఆపుకున్నాడు. క్యాసెట్ జోలికి పోనక్కర్లేదు. ఆ సంతోషంలో ఆమె మీద కాస్త జాలి కూడా కలిగింది. లేచివెళ్లి బొరుగుల ఒగ్గాని, వేడి వేడి మిరపకాయ బజ్జీలు ఇద్దరికీ తెచ్చాడు.

“నీ కడుపు సల్లగుండ! పేరేందప్పా?”

“ఎల్లప్ప” అన్నాడు, నోటికొచ్చిన పేరు.

“నేను నాగమ్మ. తిను, నువ్వూ తిను.”

తిన్నారు. తెర మీద బొమ్మ తిరుగుతూనే ఉంది. ఆఖరి బజ్జీ కూడా అయ్యాక మాదన్న చేతులు దులుపుకుని లేచాడు.

“వస్తానవ్వా.”

నాగమ్మ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“ప్రభుదాసూ, ఆడనే ఆపు నాయనా!”

బొమ్మ నిలిచిపోయింది. ఆమె వెనక మాదన్న మొహం టీవీలో గుమ్మడికాయంత ఉంది. రుమాలాయన, ఇంకో ఇద్దరు వచ్చి చుట్టూ నిలబడ్డారు. మాదన్న రెండో చెయ్యి దానంతటదే మొల దగ్గరికి పోయింది.

“అంతమంది ఉంటే నన్నే పట్టుకుంటావేందవ్వా?”

“నా ఎనక నిలబడినోళ్లంతా పొద్దన్నుంచి ఒకరెనక ఒకరు వచ్చి, టీవీలో తమ మొగం సూసి ‘అదో నేను’ అని ఎగిరి గంతేసి పోయినారు నాయనా, నీ మొగం ఎన్నిసార్లొచ్చినా నువ్వొక్కడివే బజ్జీ నములుతా గమ్మునుంటివి!”