ఖాళీ గది అద్దె

"మనిషి లేని గదికి అద్దె ఏమిటండీ?" అన్నాడు కొడుకు.

"మనిషి లేరు గానీ మంచం ఉంది. బీరువా ఉంది. బీరువా నిండా మీ అమ్మగారి బట్టలున్నాయి," అంది సీనియర్ హోమ్ మేనేజరమ్మ, చిరునవ్వు చెదరకుండా. "భోజనం డబ్బులు తగ్గిస్తాం సార్. గదికి మాత్రం తగ్గించలేం. వద్దంటే చెప్పండి. దానికోసం చాలామంది కాచుక్కూర్చున్నారు."

కొడుకు కార్డు తీశాడు.

అతనికి టైర్ల షాపు ఉంది. బేరమాడకుండా ఏదీ కొన్న మనిషి కాదు. తల్లి బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు సర్జన్‌తోనూ బేరానికి దిగబోతే, చెల్లెలు చెయ్యి పట్టుకుని ఆపింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడావిడ రిహాబ్ సెంటర్లో ఉంది. మళ్ళీ నడక వచ్చేదాకా అక్కడే. అక్కడో బిల్లు, ఇక్కడో బిల్లు.

"ఒక్క బండికి రెండు పార్కింగులు కడుతున్నానమ్మా," అన్నాడు ఆ మధ్యాహ్నం తల్లి పక్కన కూర్చుని. "గది వదిలేద్దాం. నీకు నయమయ్యాక ఇంకోటి చూస్తాను."

"వదిలావంటే నీతో మాట్లాడను."

"అయితే తొందరగా నడువు."

"నడక నా చేతుల్లో ఉందిట్రా?"

"చేతుల్లో కాదు, కాళ్ళల్లో!"

ఫిజియో అమ్మాయి నవ్వాపుకుని పెద్దావిడను లేపింది. నడక నేర్పే ఇనప కమ్మీలు రెండూ పట్టించి మధ్యలో నిలబెట్టింది. ఆవిడ కాస్త దూరం నడిచి, "అమ్మో, నావల్ల కాదు" అంటూ వెనకే తోసుకొచ్చిన చక్రాల కుర్చీలో కూలబడింది.

"నిన్న ఆ చివరిదాకా వెళ్ళారు కదా మామ్మగారూ!"

"నిన్నటి ఓపిక నిన్నటితో సరి."

కొడుకు నుదురు కొట్టుకున్నాడు. గది కావాలంటుంది, గదికి వెళ్ళే ప్రయత్నం చెయ్యదు. ఈవిడతో ఎలా వేగడం?

సాయంత్రం చెల్లెలు వచ్చింది. ఆమెకు పోస్టాఫీసు కౌంటర్లో ఉద్యోగం. ఇంట్లో పరీక్షలకు చదివే పిల్లలు, రాత్రంతా దగ్గే మామగారు, ఊళ్ళు తిరిగే ఉద్యోగంలో భర్త. అయినా రోజూ కౌంటర్ మూశాక ముందు తల్లి గదికి వెళ్తుంది, అక్కణ్నుంచి రిహాబ్‌కి వస్తుంది.

"రోజూ ఆ తాళం తీసి ఏం చేస్తావే?" అన్నాడు అన్న.

"కిటికీలు తెరుస్తానన్నయ్యా. దుమ్ము దులుపుతాను. మూసే ఉంచితే వాసన పట్టెయ్యదూ?"

"మంచం, కుర్చీ, బీరువా. వాటికి ఇంతసేపా? గోడలకి సున్నం గానీ వేస్తున్నావా?"

చెల్లెలు ముఖం ఎర్రబడింది. చెదిరిన జుట్టు చెవి వెనక్కి తోసుకుని, తల్లికి తెచ్చిన యాపిల్ కోయడంలో మునిగిపోయింది.

"దాన్నేమీ అనకు," అంది తల్లి. "గది అన్నాక గాలి ఆడాలి."

అంతలో ఫోన్ మోగింది. హోమ్‌లో పక్క గదిలో ఉండే రిటైర్డ్ హెడ్‌మాస్టరమ్మ. ఆవిడ రోజూ ఈ వేళకే చేస్తుంది. తల్లి "ఆహా... అలాగా... ఇవాళ కూడానా?" అంటూ కిసుక్కున నవ్వి పెట్టేసింది. తుంటి నొప్పి ఆ నవ్వుకి అడ్డం రాలేదు.

"ఏమిటట?" అన్నాడు కొడుకు.

"ఆడవాళ్ళ కబుర్లు. నీకెందుకు?"

నెలాఖరుకి కొడుకు గట్టిగా నిర్ణయించుకుని వచ్చాడు. కూర్చోకుండానే చెప్పేశాడు. "రేపు గది ఖాళీ చేయించేస్తున్నానమ్మా. ఇంక నావల్ల కాదు."

తల్లి ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. మంచమ్మీద సర్దుకుని కూర్చుంది.

"మంచిది నాయనా. నాకూ ఆ హోమ్ బోరు కొడుతోంది. నయమయ్యాక నీ ఇంటికే వచ్చేస్తాను. పగలు మీ ఆవిడకి వంట నేర్పుతాను. సాయంత్రాలు నీ షాపులో కూర్చుని, ఎవడు ఎంత ఎగ్గొట్టాడో నేనే చూస్తాను."

కొడుకు కళ్ళముందు భార్య ముఖం కదిలింది. ఆ తర్వాత షాపు కదిలింది. వరండాలోకి వెళ్ళి హోమ్‌కి ఫోన్ చేశాడు. మేనేజరమ్మ హలో అనేలోపే వచ్చే నెల అద్దె పంపేశాడు.

"సరేనమ్మా, గది నీదే," అని తలుపులోంచి చెప్పి, షాపుకి పరిగెత్తాడు.

కాసేపటికి ఫిజియో అమ్మాయి మర్చిపోయిన తువ్వాలు కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. వాకర్ మూలన ఉంది. పెద్దావిడ కిటికీ దగ్గర ఉంది. తెర సరిచేసి, సీసాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంపుకుని, ఏదో కూనిరాగం తీస్తూ తిన్నగా మంచం దగ్గరికి నడిచి వచ్చింది.

"మామ్మగారూ!"

"అరవకే తల్లీ. తలుపు వేసి రా."

"ఎప్పట్నుంచీ ఇది?"

"నువ్వు బాగా నేర్పావులే. నీ తప్పేం లేదు."

ఫిజియో నడుమ్మీద చేతులు పెట్టుకుంది. "మరి నా దగ్గర ఆ మూలుగులేమిటి? హాయిగా మీ గదికి వెళ్ళిపోక! పాపం మీ అబ్బాయి ఖాళీ గదికి ఊరికే డబ్బు పోస్తున్నాడు."

"ఖాళీ ఎక్కడే," పెద్దావిడ గొంతు తగ్గించింది, "ఇంట్లో కంటిమీద కునుకు లేని నా కూతురు రోజూ నా మంచమ్మీద పడి, గోడవతలికి వినపడేలా గురకపెట్టి నిద్రపోతోందట, నేను వెళ్ళానంటే లేచి నాకు సేవలు మొదలెడుతుంది."